ఆగడం రాని ఫ్యాన్

మా పక్కింటాయన సొంతంగా ఒక ట్రైక్ కట్టుకున్నాడు. ట్రైక్ అంటే మన ఆటోలాంటిది అనుకునేరు. ముందు సగం మోటార్‌సైకిల్, అంటే ఫోర్కు, హ్యాండిల్, ఒక చక్రం. వెనక సగం కారు, అంటే ఇంజన్, గేర్‌బాక్స్, రెండు చక్రాల యాక్సిల్. ఈ రెంటినీ ఇనప గొట్టాలతో వెల్డింగ్ చేసి ఒక్కటి చేస్తారు. మేముండేది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర. ఇక్కడికి కాస్త దూరంలోనే టామ్‌వర్త్ అనే ఊళ్ళో రిలయంట్ కంపెనీ, రిలయన్స్ కాదండోయ్ రిలయంట్, మూడు చక్రాల కార్లు చేసేది. వాటిలోని 848 సీసీ ఇంజన్ మొత్తం అల్యూమినియం, తేలిగ్గా ఉంటుంది, అందుకని ఇక్కడ ట్రైకులు కట్టేవాళ్ళకి అదంటే మహా ఇష్టం. ఈయన పెట్టుకున్నదీ అదే.

అంతా బాగానే కుదిరింది. ఒక్క రేడియేటర్ ఫ్యాన్ దగ్గర మాత్రం ఇద్దరం కలిసి మూడు వారాలు తలలు పట్టుకున్నాం.

పెట్రోలు కాలితే పుట్టే వేడిలో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది, మంచి ఇంజన్ అయినా సరే, మూడో వంతు అటూఇటూ. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగతాది దాదాపుగా నీళ్ళే మోసుకెళ్ళి రేడియేటర్‌లో వదలాలి. బండి యాభై అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే ఆ పని చేసేస్తుంది, ఫ్యాన్ అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే దాని అవసరం. పాతకాలపు కార్లలో ఫ్యాన్‌ని బెల్టుతో ఇంజనే తిప్పేది కాబట్టి ఎప్పుడు తిరగాలన్న గొడవే లేదు. ట్రైక్‌లో రేడియేటర్ ఎక్కడో ముందు, ఫోర్కు వెనక ఉంటుంది, ఇంజన్ వెనకెక్కడో. బెల్టు ఎలా వేస్తాం? కరెంటు ఫ్యాన్ తప్పదు.

మొదట ఆయన హ్యాండిల్ పక్కన ఒక మామూలు స్విచ్ పెట్టుకున్నాడు. వేడెక్కితే వేస్తా, చల్లారితే ఆపేస్తా అన్నాడు. నాలుగో రోజే ఆపడం మర్చిపోయి ఇంట్లోకెళ్ళాడు, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది. సరే అని ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఒకటి కొన్నాం. ఇంజన్ నుంచి వేడినీళ్ళు బయటికొచ్చే గొట్టంలో దాని సెన్సర్ పెట్టి, ఎందుకైనా మంచిదని 83 డిగ్రీలకి ఆన్, 81కి ఆఫ్ అని సెట్ చేశాం. ఇంజన్ ఒకసారి వేడెక్కాక ఫ్యాన్ ఇక ఆగలేదు.

కారణం తెలిశాక నవ్వొచ్చింది. ఇంజన్‌లో థర్మోస్టాట్ అని చిన్న వాల్వు ఉంటుంది, దాని పొట్టలో మైనం. నిర్ణయించిన వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది, ఉబ్బి వాల్వుని తోస్తుంది, అప్పుడే నీళ్ళు రేడియేటర్‌కి వెళ్తాయి. మాది 82 డిగ్రీలది. ఫ్యాన్ ఎంత చల్లబరిచినా, నీళ్ళు 82 దిగబోతుంటే ఆ వాల్వు మూసుకుంటూ ఇంజన్‌ని అక్కడే నిలబెడుతుంది. మేమేమో 81కి వస్తేనే ఆగు అని ఫ్యాన్‌కి చెప్పాం. అది ఎప్పటికి రావాలి, ఫ్యాన్ ఎప్పటికి ఆగాలి! ఫ్యాన్ అనగానే అందరం ఎప్పుడు తిరగాలా అనే ఆలోచిస్తాం గానీ అసలు చిక్కంతా ఎప్పుడు ఆగాలి అన్నదాంట్లోనే ఉంది.

ఆఫ్ అయ్యే అంకె థర్మోస్టాట్ అంకెకి పైన ఉండాలి, సరే. ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య ఎడం కూడా ఉండాలి. మన ఇళ్ళ మీద ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఆటోమేటిక్ మోటార్ పెట్టేటప్పుడు కింద ఒక సెన్సర్, పైన ఒక సెన్సర్ పెడతారు చూడండి, నీళ్ళు అడుగుకి వస్తే మోటార్ ఆన్, నిండితే ఆఫ్. రెండూ ఒకే ఎత్తులో పెడితే ఎవరో ఒక చెంబుడు నీళ్ళు వాడగానే మోటార్ ఆన్ అయ్యి, వెంటనే ఆగి, మళ్ళీ ఆన్ అయ్యి కాలిపోతుంది. ఈ ఎడాన్ని ఇంజనీర్లు హిస్టరిసిస్ అంటారు. ఇస్త్రీ పెట్టె లైటు వెలిగి ఆరడంలో ఉన్నదీ ఇదే.

కంట్రోలర్ అంకెలు మార్చాం. ఈసారి ఫ్యాన్ టకటకమని ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్. ఎడం ఐదు డిగ్రీలు ఇచ్చినా అదే వరస. తప్పు ఎర్త్‌లో, అంటే కరెంటు చట్రం గుండా బ్యాటరీకి తిరిగెళ్ళే దారిలో, దొరికింది. ఆయన చట్రానికి అందంగా పౌడర్ కోటింగ్ వేయించాడు, అది కరెంటుని సరిగా పోనివ్వని రంగు పొర, దాని మీదే బోల్టు బిగించి ఎర్త్ ఇచ్చాడు. అక్కడ పదో వంతు ఓమ్ నిరోధం ఉన్నా చాలు, ఫ్యాన్ లాగే 15 ఆంపియర్లకి ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. సెన్సర్ ఎర్త్ కూడా అదే దారిలో ఉంది. ఫ్యాన్ తిరగ్గానే ఆ ఒకటిన్నర వోల్టు సెన్సర్ లెక్కలో కలిసి నీళ్ళు చల్లారాయన్నట్టు చూపిస్తుంది. ఫ్యాన్ ఆగుతుంది. ఆగ్గానే మళ్ళీ వేడి కనిపిస్తుంది. కోటింగ్ గీకి, తళతళలాడే ఇనుము మీద బోల్టు బిగించాం, టకటక పోయింది.

అయినా ఆయనకి ఆ డబ్బా మీద నమ్మకం పోయింది. పాత పద్ధతిలో థర్మో స్విచ్ వేద్దామన్నాడు. ఇత్తడి బోల్టులా ఉంటుంది, లోపల రెండు లోహాల బిళ్ళ, వేడికి ఒక్కసారిగా అటు మడుచుకుంటుంది. మీద 92-87 అని అచ్చు ఉంది. నమ్మడమెందుకని మా వంటింట్లో టీ గిన్నెలో నీళ్ళు పెట్టి, స్విచ్‌ని దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్, వైర్ల చివర మల్టీమీటర్ పెట్టుకుని కూర్చున్నాం. 93 దగ్గర టిక్ అంది, మీటర్ బీప్ అంది. స్టవ్ ఆపాం. 90, 89, 88... 87 దాటి 86కి వచ్చాక మళ్ళీ టిక్. మా ఆవిడ ఆ గిన్నెలో టీ పెట్టనంది, అది వేరే సంగతి.

ఆ స్విచ్ గుండా ఫ్యాన్ కరెంటు నేరుగా పంపకూడదు, బయల్దేరేటప్పుడు ఫ్యాన్ మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతుంది, లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. మధ్యలో రిలే పెట్టాలి, అంటే లోపలి తీగచుట్టకి (కాయిల్) కాస్త కరెంటు అందితే చాలు, పెద్ద కరెంటుని కలిపే స్విచ్. రిలే కాయిల్‌కి పావు ఆంపియర్ కూడా అక్కర్లేదు. ఇక్కడ కొందరు రిలేకి బ్యాటరీ నుంచి నేరుగా లైన్ ఇస్తారు, బండి ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతుందని. నాకది నచ్చదు. ఇంజన్ ఆగితే దానితో తిరిగే నీళ్ళ పంపూ ఆగుతుంది, ఫ్యాన్ రేడియేటర్‌లోని నీళ్ళనే చల్లబరుస్తూ కూర్చుంటుంది, ఇంజన్‌లో ఉన్నవి ఉన్నచోటే ఉడుకుతాయి. బ్యాటరీ మాత్రం దిగుతుంది. మేం కాయిల్ లైన్‌ని బండి తాళం వెనక నుంచి ఇచ్చాం, తాళం ఆఫ్ చేస్తే ఫ్యానూ ఆగేలా.

ఇంత చేశాక మొదటిసారి బయటికి తీస్తే నీళ్ళు మరిగి మూతలోంచి ఆవిరి కొట్టింది, ఫ్యాన్ కదల్లేదు. స్విచ్ బిగించిన చోటే గొట్టంలో అన్నిటికన్నా ఎత్తైన వంపు. అక్కడ గాలి బుడగ చిక్కుకుని ఉంది. స్విచ్ నీళ్ళలో కాదు, గాలిలో ఉంది. గాలి వేడిని అంత తేలిగ్గా అందించదు, పాపం స్విచ్‌కి అసలు కబురే అందలేదు. ఆ వంపు దగ్గర గాలి తీసే స్క్రూ ఒకటి పెట్టి, స్విచ్‌ని జానెడు కిందికి దించాం.

అప్పటినుంచి పేచీ లేదు. సిగ్నల్ దగ్గర ఆగిన కాసేపటికి సీటు కింద రిలే టిక్ అంటుంది, ఫ్యాన్ లేస్తుంది, బండి కదిలాక దానంతటదే ఆగిపోతుంది. హ్యాండిల్ పక్కన ఆ మొదటి స్విచ్ మాత్రం ఇంకా ఉంది. వైర్లు పీకేసి చాలా రోజులైంది, తీసెయ్యమంటే తియ్యడు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు బొటనవేలు దాని మీదికే పోతుందట.