‘ఫెడరల్’ అంటే కేంద్ర ప్రభుత్వమేనా? అపోహలు - వాస్తవాలు

న్యాయపత్రాలను తెలుగులోకి అనువదించే పనిలో నన్ను అతి జాగ్రత్తగా ఉండమని హెచ్చరించే ఇంగ్లిష్ విశేషణం ‘ఫెడరల్’.

అపోహ: ఫెడరల్ అంటే కేంద్ర ప్రభుత్వానికి చెందినది.

వాస్తవం: అమెరికా పత్రాల వరకు ఈ అర్థం చాలావరకు సరిపోతుంది. టెక్సాస్‌లో ఉద్యోగం చేసే మనవారు తమ జీతంపై ఫెడరల్ ఆదాయపు పన్ను చెల్లిస్తారు. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అయితే రెండు అంచెల ప్రభుత్వాల మధ్య రాజ్యాంగమే అధికారాలను పంచిన వ్యవస్థను కూడా ఈ మాట సూచిస్తుంది. మన ముఖ్యమంత్రులు ‘ఫెడరల్ స్ఫూర్తికి విఘాతం’ అన్నప్పుడు వారు తప్పుపడుతున్నది కేంద్రాన్నే కాబట్టి, అక్కడ ‘కేంద్ర స్ఫూర్తి’ అని రాస్తే వాక్యం తలకిందులవుతుంది. ‘సమాఖ్య స్ఫూర్తి’ అనాలి.

అపోహ: భారత రాజ్యాంగం మన దేశాన్ని ఫెడరల్ దేశమని ప్రకటించింది.

వాస్తవం: ఒకటో అధికరణలో ఉన్నది ‘రాష్ట్రాల యూనియన్’ అన్న మాటే. రాష్ట్రాలు ఒప్పందం చేసుకొని ఏర్పరచిన దేశం కాదు కనుక ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదని అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో వివరించారు. (అమెరికా రాజ్యాంగ పాఠంలోనూ ‘ఫెడరల్’ అన్న మాట లేదన్నది చాలామంది గమనించని విషయం.) అయినా ఎస్‌.ఆర్‌.బొమ్మై కేసులో సుప్రీంకోర్టు 1994లో సమాఖ్య లక్షణాన్ని రాజ్యాంగ మౌలిక స్వరూపంలో (పార్లమెంటు సవరణతోనూ తొలగించలేని లక్షణాల్లో) భాగంగా గుర్తించింది.

భారత్, అమెరికా సమాఖ్యల మధ్య దూరమెంతో తెలుగువారికి ప్రత్యక్షంగా తెలుసు. రాష్ట్ర విభజన బిల్లును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరిలో తిరస్కరించినా, మూడో అధికరణ కోరేది శాసనసభ అభిప్రాయాన్నే తప్ప సమ్మతిని కాదు కాబట్టి పార్లమెంటు దానిని ఆమోదించగలిగింది. అమెరికాలోనైతే ఒక రాష్ట్రాన్ని విభజించడానికి ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి.

అపోహ: అమెరికాలో ఫెడరల్ సెలవు అంటే అందరికీ సెలవే.

వాస్తవం: కాదు. ప్రైవేటు సంస్థలు సెలవు ఇవ్వాలో వద్దో తామే నిర్ణయించుకుంటాయి.

అపోహ: పేరులో ‘ఫెడరల్’ ఉంటే అది ప్రభుత్వ సంస్థే.

వాస్తవం: కేరళలోని ఆలువ కేంద్రంగా పనిచేసే ఫెడరల్ బ్యాంకు ప్రైవేటు బ్యాంకు, ‘ఫెడరల్ ఎక్స్‌ప్రెస్’ను కుదించి ఫెడెక్స్ అని పేరు పెట్టుకున్న కొరియర్ సంస్థ కూడా ప్రైవేటు కంపెనీయే. చిక్కంతా మన రిజర్వు బ్యాంకు లాంటి అమెరికా ఫెడరల్ రిజర్వుతోనే: దాని గవర్నర్ల బోర్డు ప్రభుత్వ సంస్థ కాగా, 12 ప్రాంతీయ రిజర్వు బ్యాంకుల వాటాలు సభ్య బ్యాంకుల చేతిలో ఉంటాయి. అందుకే నేను దానిని ‘ప్రభుత్వ బ్యాంకు’ అనకుండా ‘అమెరికా కేంద్ర బ్యాంకు’ అని రాస్తాను.