రోజు అంకె, వారం సగటు

బెంగళూరులో మారతహళ్లిలో ఉండే మా బావగారు బరువు తగ్గడానికి వారానికొకసారి సెమాగ్లూటైడ్ అనే మందు ఇంజెక్షన్ తీసుకుంటూ, రోజూ పొద్దున కాఫీకి ముందే బరువు చూసుకుని, వంటగదిలోని తెలుగు క్యాలెండర్‌లో తిథి పక్కన పెన్సిలుతో రాసుకుంటారు. ఒక సోమవారం ఆయన ఫోన్ చేసి, మందు పనిచేయడం మానేసిందని దిగులుపడ్డారు. ఆదివారం 91.3 కిలోలున్న బరువు తెల్లవారేసరికి 92.6 అయింది.

ముందురోజు ఆంధ్రా మెస్‌లో పప్పు, ఆవకాయ, అప్పడాలతో భోజనం చేసిన సంగతి ఆయనే చెప్పారు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీలుంటాయి కాబట్టి, 1.3 కిలోల కొవ్వు పేరుకోవాలంటే ఖర్చుకు మించి దాదాపు 10,000 కిలోకేలరీలు తినాలి. మెస్‌వాళ్లు ఎంత ఉదారంగా వడ్డించినా అది ఒక్క పూటలో అయ్యే పని కాదు. పెరిగిన బరువులో ఎక్కువ భాగం నీరే. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నంలోని పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ అయినప్పుడు గ్రాముకు సుమారు 3 గ్రాముల నీరు దానితో చేరుతుంది. ఈ మందు వల్ల తరచుగా వచ్చే మలబద్ధకం కూడా తూకంలో కనిపిస్తుంది.

2021లో వెలువడిన స్టెప్ 1 అధ్యయనంలో వారానికి 2.4 మిల్లీగ్రాముల సెమాగ్లూటైడ్ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. మొదట 95 కిలోలున్న మనిషికి అది సుమారు 14 కిలోలు, అంటే వారానికి దాదాపు 200 గ్రాములు. తగ్గుదల మొదటి నెలల్లో కొంత వేగంగా, తర్వాత నిదానంగా ఉంటుంది కానీ, రోజువారీ ఊగిసలాట మాత్రం ఎప్పుడూ కిలో అటూఇటూ ఉండవచ్చు. అంత హెచ్చుతగ్గుల్లో 200 గ్రాములు కంటికి ఆనవు. పైగా మోతాదు 0.25 మిల్లీగ్రాములతో మొదలై నాలుగేసి వారాలకు ఒక మెట్టు ఎక్కుతుంది. కొత్త మోతాదు రక్తంలో స్థిరపడటానికే నాలుగైదు వారాలు పడుతుంది.

అందుకే ఆ వారం ఏడు అంకెలనూ కూడి ఏడుతో భాగించమన్నాను. సగటు 91.9 వచ్చింది, అంతకు ముందు వారం సగటు 92.3. ఆయన దిగులుపడ్డ వారంలోనే 400 గ్రాములు తగ్గారన్నమాట.

మోతాదు పెంచాక రెండు రోజులు వాంతులై ఒకటిన్నర కిలో పడిపోయినప్పుడు మాత్రం ఆయన సంబరపడ్డారు. నాకు భయం వేసింది, ఎందుకంటే పోయింది ఒంట్లోని నీరు. డాక్టరుగారు చెప్పినట్టు ఓఆర్‌ఎస్ తాగాక అంకె మళ్లీ పైకి వచ్చింది. క్యాలెండర్‌లో ఆ రెండు అంకెల చుట్టూ ఆయన సున్న చుట్టి, ఆ వారం సగటు వేయకుండా వదిలేశారు.