నాయకత్వ శిక్షణ: ప్రశ్నలు ఎవరివి, జవాబులు ఎవరివి?

ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతనికి ఇంటి దగ్గర ఏదో కష్టం వచ్చింది. ఆ రోజు అతను పనిలోకి రాలేదు. అతని కష్టం గురించి సూపర్‌వైజర్ మిగతావాళ్ళతో మాట్లాడాడు. ఆ సూపర్‌వైజర్ చేసింది మంచి పనేనా?

పీటర్ స్మిత్, జ్యూజీ మిసుమి, ఇంకొందరు పరిశోధకులు కలిసి బ్రిటన్, అమెరికా, జపాన్, హాంకాంగ్‌ ఫ్యాక్టరీల్లో ఇలాంటి సంగతులే అడిగారు. 1989లో ఫలితాలు అచ్చయ్యాయి. జపాన్, హాంకాంగ్ కార్మికుల దృష్టిలో ఆ సూపర్‌వైజర్ తన మనుషులను పట్టించుకునేవాడు. బ్రిటన్, అమెరికా కార్మికుల దృష్టిలో మాత్రం ఒకరి సొంత విషయం వాళ్ళు లేనప్పుడు నలుగురిలో పెట్టినవాడు. పై అధికారికి కింది వాళ్ళ మీద శ్రద్ధ ఉండాలన్న మాట దగ్గర నాలుగు చోట్లా పేచీ లేదు. శ్రద్ధ అంటే ఏం చేయడం అనే దగ్గరే దారులు వేరయ్యాయి.

ఈ రోజు పెద్ద కంపెనీలు, అంతర్జాతీయ సంస్థలు అన్ని దేశాల్లోని ఉద్యోగులకూ ఒకే లీడర్‌షిప్ ప్రోగ్రామ్ నడుపుతున్నాయి. అవే నైపుణ్యాల జాబితాలు, అవే ఫీడ్‌బ్యాక్ ఫారాలు. ఒక చోట మనుషుల్ని మార్చిన శిక్షణ ఇంకో చోట ఎందుకు అంటుకోదన్న ప్రశ్నకు జవాబు కావాలంటే, ఈ శిక్షణ ఎక్కడ పుట్టిందో, దాన్ని కొలిచే కొలబద్ద ఎవరు తయారుచేశారో చూడాలి.

కథ కర్ట్ లెవిన్‌తో మొదలుపెట్టడం న్యాయం. జర్మనీలో యూదుడిగా పుట్టిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో దేశం వదిలి అమెరికా చేరాడు. నియంతృత్వం మనుషుల్ని ఏం చేస్తుందన్నది ఆయనకు పుస్తకాల్లో చదివిన ప్రశ్న కాదు. అయోవాలో రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్‌లతో కలిసి పదేళ్ళ మగపిల్లలను చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, మాస్కులు తయారుచేయడం లాంటి పనులు ఇచ్చాడు. ఒక పెద్దమనిషి అన్నీ తానే ఆజ్ఞాపిస్తాడు. ఇంకొకరు పిల్లలతో మాట్లాడి నిర్ణయిస్తారు. మరొకరు ఏదీ పట్టించుకోకుండా వదిలేస్తారు. 1939లో అచ్చయిన ఫలితాలు ఇప్పటికీ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో వినిపిస్తాయి. ఆజ్ఞాపించే పెద్ద గదిలోంచి బయటికి వెళ్తే పిల్లల పని ఆగిపోయేది. కలిసి నిర్ణయించుకున్న క్లబ్బులో పెద్ద ఉన్నా లేకపోయినా పని సాగేది.

అదే ఆలోచన నుంచి పెద్దవాళ్ళకు శిక్షణ కూడా పుట్టింది. 1947లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బెథెల్‌ అనే ఊళ్ళో నేషనల్ ట్రైనింగ్ లేబరేటరీస్ అనే శిక్షణ సంస్థ మొదలైంది. కొన్ని నెలల ముందే లెవిన్ చనిపోయాడు. అక్కడ కొద్దిమంది గుండ్రంగా కూర్చుని, ఒకరి ప్రవర్తన గురించి ఒకరు మొహమాటం లేకుండా చెప్పుకునేవారు. ఇప్పుడు శిక్షణల్లో వాడే ఫీడ్‌బ్యాక్ అనే మాట వెనుక ఆ గుండ్రటి కుర్చీల వరస ఉంది. నలుగురి ముందు నిజం చెబితే మనిషి ఎదుగుతాడని అక్కడి నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేను అనడం లేదు. అది ఒక చోట, ఒక కాలంలో పుట్టిన నమ్మకమన్న సంగతి మాత్రం తర్వాత చాలామంది మరిచిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌ను మళ్ళీ నిలబెట్టడానికి అమెరికా ఇచ్చిన మార్షల్ ప్లాన్ డబ్బుతో పాటు అమెరికా మేనేజ్‌మెంట్ పద్ధతులు కూడా యూరప్‌కు చేరాయి. బ్రిటన్ నుంచి బృందాలు అమెరికా ఫ్యాక్టరీలు చూసి రావడానికి వెళ్ళాయి. 1961లో భారత ప్రభుత్వం కలకత్తా, అహ్మదాబాద్‌లలో ఐఐఎంలు పెట్టినప్పుడు కలకత్తాకు ఎంఐటీ, అహ్మదాబాద్‌కు హార్వర్డ్ తోడ్పడ్డాయి. పాఠం ఒక దేశానిది, విద్యార్థులు అన్ని దేశాల వాళ్ళు.

ఆ పాఠానికి తొలి ఎదురుదెబ్బల్లో ఒకటి మన దగ్గరే తగిలింది. లెవిన్ బృందం చేసిన ప్రయోగాన్నే రాబర్ట్ మీడ్ అనే పరిశోధకుడు భారతీయ మగపిల్లలతో చేసి 1967లో ఫలితాలు అచ్చువేశాడు. ఇక్కడ ఆజ్ఞాపించే పెద్ద దగ్గరే పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు, పని కూడా మెరుగ్గా వచ్చింది. అమెరికాలో వచ్చినదానికి ఇది తలకిందులు.

దీన్ని చదివినవాళ్ళకు భారతీయులకు గట్టిగా చెప్పేవాడే కావాలి అనే తీర్మానం చాలా సులువుగా దొరుకుతుంది. ఆ తీర్మానం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. పెద్ద చెప్పినట్టు వినడమే మంచితనమని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పిల్లలకు, అలవాటు లేని స్వేచ్ఛ ఉన్నట్టుండి చేతికిస్తే తడబడతారు. ప్రయోగం కొలిచింది ఆ తడబాటును. కొంతకాలం పోయాక వాళ్ళు దేన్ని కోరుకునేవారో దానితో తేలదు.

ఈ చిక్కుముడిని ఓపిగ్గా విప్పిన మనిషి పాట్నాలోని ఎ.ఎన్. సిన్హా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జె.బి.పి. సిన్హా. భారతీయ సంస్థలను దగ్గర నుంచి చూసి 1980లో ఆయన ఒక నమూనా ప్రతిపాదించాడు. దాన్ని తెలుగులో ఆప్యాయంగా సాకుతూనే పని రాబట్టే నాయకుడు అని చెప్పుకోవచ్చు. ఈ నాయకుడు కింది వాళ్ళ బాగోగులు చూస్తాడు, ఇంటి సంగతులు అడుగుతాడు, చేయి పట్టుకుని పని నేర్పుతాడు. అయితే ఆ ఆప్యాయత ఊరికే రాదు. పని బాగా చేసేవాడికి అది ఎక్కువగా దక్కుతుంది. పెద్ద చూపేది స్నేహం, చిన్న చూపేది శ్రద్ధ. ఇక్కడ స్నేహం అంటే దోస్తీ కాదు, వాత్సల్యం. శ్రద్ధ అంటే గౌరవంతో కూడిన నమ్మకం.

సిన్హా చెప్పిన రెండో సగమే అసలైనది. కింది వాళ్ళకు పని వచ్చి, తమ మీద తమకు నమ్మకం కుదిరే కొద్దీ నాయకుడు పట్టు సడలించాలి. వాళ్ళను కలుపుకుని నిర్ణయాలు తీసుకునే పద్ధతికి మారాలి. అంటే మీడ్ ప్రయోగంలో కనిపించినది ప్రయాణానికి మొదటి మెట్టు మాత్రమే. నాయకుడు ఎలా ఉంటాడని అడిగే సిద్ధాంతాలు బోలెడు. నాయకుడూ, అతని మనుషులూ కలిసి ఎలా ఎదుగుతారని అడిగినవి తక్కువ. ఆ తక్కువలో సిన్హాది ఒకటి. దానికి దక్కాల్సిన పేరు దక్కలేదన్నది నా అభిప్రాయం.

అదే 1980లో ప్రపంచం దృష్టి ఇంకో పుస్తకం మీద పడింది. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు ఐబీఎమ్ ఉద్యోగుల దగ్గర 1967 నుంచి 1973 వరకు సేకరించిన సుమారు 1,16,000 ప్రశ్నావళులను విశ్లేషించి, మొదట 40 దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చాడు. అవి నిజానికి ఉద్యోగుల అభిప్రాయాలు తెలుసుకోవడానికి కంపెనీ చేసిన సర్వేలు. అందులోంచి వచ్చిన ‘అధికార దూరం’ అనే భావన, అంటే పైవాడికీ కిందివాడికీ మధ్య ఎడాన్ని జనం ఎంతవరకు సహజంగా తీసుకుంటారన్నది, ఈ రంగంలో అందరి నోటా నానింది. అమెరికా సిద్ధాంతాలు బయట పనిచేస్తాయా అని ఆయన అదే ఏడాది ఒక వ్యాసంలో సూటిగా అడిగాడు. నాయకత్వాన్ని కిందివాళ్ళ ఆశల నుంచి విడదీసి చూడలేమన్నది ఆయన వాదన. ఒకే కంపెనీ ఉద్యోగులు ఒక దేశమంతటికీ ప్రతినిధులెలా అవుతారని 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ గట్టిగా నిలదీశాడు. ఆ నిలదీత న్యాయమైనదే. అయినా ఆ ప్రశ్న అడగడానికి ఒక మైదానం సిద్ధం చేసింది హాఫ్‌స్టెడే.

అంతకంటే పెద్ద ప్రయత్నం గ్లోబ్ అనే అంతర్జాతీయ పరిశోధన. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్‌లో రాబర్ట్ హౌస్‌కు 1991లో ఈ ఆలోచన వచ్చింది. 62 సమాజాలు, 951 సంస్థలు, సుమారు 17,000 మంది మధ్య స్థాయి మేనేజర్లు. ఆహార పరిశ్రమ, ఆర్థిక సేవలు, టెలికాం అనే మూడు రంగాలు. ఏ దేశంలో పనికి ఆ దేశపు పరిశోధకులే ఉండడం దీని బలం. 2004లో వచ్చిన పుస్తకం ప్రకారం 22 లక్షణాలను అన్ని చోట్లా మంచివన్నారు. నిజాయితీ, న్యాయంగా ఉండడం, ముందుచూపు అలాంటివి. చిరాకు, స్వార్థం, నిర్దయ లాంటి 8 లక్షణాలు ఎక్కడా వద్దన్నారు. 35 లక్షణాల దగ్గర మాత్రం ఒక చోట మెచ్చుకున్నది ఇంకో చోట నచ్చలేదు. పెద్ద ఆశలు పెట్టుకోవడం, ఆచితూచి అడుగేయడం, రిస్క్ తీసుకోవడం ఈ గుంపులోవి. లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌లు ఎక్కువగా నూరిపోసేవి ఇలాంటివే కదా!

గ్లోబ్‌లో ఇంకో సంగతి ఉంది. మీ సమాజం ఎలా ఉంది, ఎలా ఉండాలి అని విడివిడిగా అడిగారు. సంస్కృతిని కొలవడానికి వాళ్ళు పెట్టుకున్న 9 కొలతల్లో 7 చోట్ల ఆ రెండు జవాబులూ ఎదురుబొదురుగా నడిచాయి. అధికార దూరం ఎక్కువ ఉన్న చోటే అది తగ్గాలన్న కోరిక కూడా బలంగా కనిపించింది. దీని అర్థమేమిటన్న దాని మీద 2006లో హాఫ్‌స్టెడ్‌కూ గ్లోబ్ బృందానికీ వాదోపవాదాలు జరిగాయి. నాకు మాత్రం ఇక్కడ సిన్హా మాటే గుర్తొస్తుంది. ఇప్పుడున్న అలవాటును చూసి, వీళ్ళకు ఇదే ఇష్టం అని ముద్ర వేయకూడదు.

ఇంత జరిగినా ఈ పరిశోధనలు చాలావరకు ఒక్క రోజు తీసిన ఫొటోల్లాంటివి. మనిషి నాయకుడిగా ఎలా తయారవుతాడన్న ప్రశ్న వేరే దారిలో నడిచింది. సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే అమెరికా సంస్థ పరిశోధకులు 1980లలో అమెరికా కంపెనీల ఎగ్జిక్యూటివ్‌లను మీరు ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. క్లాసుల్లో కన్నా కష్టమైన పనుల్లో, మనుషుల దగ్గర ఎక్కువ నేర్చుకున్నామన్నారు. నేర్చుకునేదాంట్లో 70 శాతం పనిలో, 20 శాతం మనుషుల దగ్గర, 10 శాతం క్లాసుల్లో అంటూ 70-20-10 అని ట్రైనర్లు చెప్పే లెక్కకు మూలం అక్కడే ఉంది. తర్వాత ఇండియా, చైనా, సింగపూర్‌లలోనూ అలాగే అడిగారు. పై అధికారుల దగ్గర నేర్చుకోవడం అన్ని చోట్లా కనిపించింది. ఎలా నేర్చుకున్నారు, ఎదురు ప్రశ్న వేసా, పక్కన నిలబడి చూసా అన్నది అంకెల్లో కనబడదు.

అంకెలు ఎంత జారిపోతాయో చెప్పడానికి సెల్ఫ్ రేటింగ్ చాలు. 1991లో ఫార్, డాబిన్స్, చెంగ్ తైవాన్‌లో చూస్తే ఉద్యోగులు తమకు తాము వేసుకున్న మార్కులు పై అధికారి వేసినవాటి కంటే తక్కువగా ఉన్నాయి. అమెరికాలో సాధారణంగా దీనికి తలకిందులు. చైనా సంస్కృతిలోని వినయమే కారణమనుకున్నారు. రెండేళ్ళకే యూ, మర్ఫీ చైనాలో చూస్తే అక్కడి ఉద్యోగులు తమకు తామే ఎక్కువ మార్కులు వేసుకున్నారు. తైవాన్‌లో కనిపించింది వినయమా, ఆ సంస్థల వాతావరణమా, ఆ మార్కులు ఎవరు చూస్తారోనన్న టెన్షనా?

అది తెలియాలంటే, తనకు తాను 5కి 3 మార్కులు వేసుకున్న మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. మరుసటి ఏడాది, ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళకు మళ్ళీ వెళ్ళి, అతని జట్టులోని వాళ్ళను కూడా అడగాలి. చాలా దేశాల్లో ఒకేసారి అలా ఏళ్ళ తరబడి వెంట నడిచిన పరిశోధనలు ఇప్పటికీ చాలా తక్కువ.