క్యాన్సర్ పరిశోధన: విద్యార్థులకుండే అపోహలు, ల్యాబ్‌లో కనిపించే వాస్తవాలు

క్యాన్సర్ మీద ప్రాజెక్ట్ చేస్తామని మా ల్యాబ్‌కి వచ్చే విద్యార్థుల్లో చాలామంది ఇంట్లో ఎవరినో ఆ జబ్బుకి పోగొట్టుకున్నవాళ్ళే. ఈ టాపిక్కే ఎందుకని అడిగితే కాసేపు మాట రాదు. అందుకే వాళ్ళ అపోహల్ని నేను తేలిగ్గా తీసుకోను. వాళ్ళతో రోజూ మాట్లాడే విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు చచ్చిపోతే మందు దొరికినట్టే.

ల్యాబ్ ప్లేట్‌లో పెంచిన క్యాన్సర్ కణాల్ని చంపడం చాలా సులువు. ఉప్పు ఎక్కువైనా చస్తాయి, బట్టలకి వాడే బ్లీచ్ చుక్క పడినా చస్తాయి. పక్కనున్న మంచి కణాలకి దెబ్బ తగలకుండా వాటినే చంపడంలో ఉంది కష్టమంతా.

ఎమ్మెస్సీ చేస్తున్న ఒక అమ్మాయి ఓ సాయంత్రం ప్లేట్ పట్టుకుని పరుగున వచ్చింది. తను వాడింది ఎంటీటీ పరీక్ష. అందులో పసుపు రంగు ద్రావణం వేస్తాం, బతికున్న కణాలు దాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. తను పరీక్షిస్తున్న మొక్క ఎక్స్‌ట్రాక్ట్ (రసం) ఎక్కువ డోస్ పడిన వెల్స్ (ప్లేట్‌లోని చిన్న గుంటలు) అన్నీ దాదాపు పసుపుగానే ఉండిపోయాయి. అంటే బతికున్న కణాలు లేవన్నమాట. "మేడమ్, అన్నీ పోయాయి" అంటుంటే తన కళ్ళలో నీళ్ళు.

ఎక్స్‌ట్రాక్ట్‌ని దేంట్లో కరిగించావని అడిగాను. డీఎంఎస్‌ఓలో అంది. మందుల్ని కరిగించడానికి వాడే ద్రవం అది. అది కూడా మోతాదు మించితే కణాల్ని చంపేస్తుంది, మేము సాధారణంగా అర శాతం దాటనివ్వం. ఇద్దరం కూర్చుని లెక్క వేస్తే ఎక్కువ డోస్ వెల్స్‌లో 4 శాతం తేలింది. పోలిక కోసం మందు వేయకుండా ఉంచే కంట్రోల్ వెల్స్‌లో మాత్రం అసలు డీఎంఎస్‌ఓనే లేదు. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి కొన్ని వెల్స్‌లో ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసింది. మూడో రోజు చూస్తే అవీ పసుపే.

ఆ తర్వాత తను చేసిన పని నాకు బాగా నచ్చింది. నేను చెప్పకుండానే, అసలు కణాలు లేని వెల్స్‌లో ఎక్స్‌ట్రాక్ట్ వేసి చూసింది. అవీ కాస్త ఊదాకి తిరిగాయి! కొన్ని మొక్కల రసాలు కణాలతో పని లేకుండా ఆ రంగుని మార్చేస్తాయి. అంటే ఒకే పరీక్ష రెండు రకాలుగా తప్పుదారి పట్టించగలదు: డీఎంఎస్‌ఓ చంపిన కణాల్ని మొక్క చంపిందనిపిస్తుంది, లేని కణాలు ఉన్నట్టూ చూపిస్తుంది. తన రిజల్ట్‌ని తనే పడగొట్టుకోవడానికి వారం రోజులు పెట్టిన ఆ అమ్మాయి ఆ వారంలో శాస్త్రవేత్త అయింది.

ప్లేట్ దాటాక ఎలుకలు. అక్కడ గెలిచి మనుషుల దాకా వచ్చిన క్యాన్సర్ మందుల్లోనూ పదింట ఒకటి కూడా చివరికి అనుమతి దాకా చేరదు. పేపర్లో "క్యాన్సర్‌కి మందు కనిపెట్టిన విద్యార్థి" అని హెడ్డింగ్ పడిన రోజున మాకు రోగుల ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తాయి. ఎప్పుడు దొరుకుతుంది, ఎక్కడికి రమ్మంటారు అని అడుగుతారు. ఆ ఫోన్ ఎత్తడం ఎంత కష్టమో ఆ హెడ్డింగ్ పెట్టినవాళ్ళకి తెలియాలని నా కోరిక.

అపోహ: మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని ఉండదు.

బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి పాక్లిటాక్సెల్ వచ్చాయి. రెండూ గొప్ప మందులే, రెండూ నరాల్ని దెబ్బతీయగలవు. వేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా గుండీ పెట్టుకోలేని రోగుల్ని చూశాను. శుద్ధి చేసి, డోస్ కట్టి, రక్తనాళంలోకి ఎక్కిస్తేనే అవి మందులు. ఆకు నమిలితే విషం.

అపోహ: క్యాన్సర్ కారణాలు కనిపెట్టడం పెద్ద శాస్త్రవేత్తల పని, విద్యార్థుల వల్ల కాదు.

ఎర్నెస్ట్ వైండర్ వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్ని సిగరెట్ అలవాటు గురించి అడగడం మొదలుపెట్టాడు. ఆయనకి అవకాశమిచ్చిన సర్జన్ ఎవర్ట్స్ గ్రాహమ్‌కి మొదట్లో ఆ వాదన మీద నమ్మకం లేదు, పైగా తనకే సిగరెట్ అలవాటు. 684 మంది రోగుల వివరాలతో 1950లో ఇద్దరూ పేపర్ వేశారు. గ్రాహమ్ సిగరెట్ మానేశాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు. ఈ కథ ఎప్పుడు చెప్పినా నాకు మనసు బరువెక్కుతుంది.

ఇంకొకటి. 1960లో పీటర్ నోవెల్, పరిశోధక విద్యార్థి డేవిడ్ హంగర్‌ఫర్డ్ కలిసి ఒక రకం రక్త క్యాన్సర్ కణాల్లో మామూలు కంటే పొట్టిగా ఉన్న క్రోమోజోమ్‌ని గుర్తించారు. 9, 22 నంబర్ల క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల అలా జరుగుతుందని 1973లో జానెట్ రౌలీ చూపించింది. ఆ మార్పు వల్ల పుట్టే ప్రోటీన్‌ని అడ్డుకునే ఇమాటినిబ్ అనే మాత్రకి 2001లో అనుమతి వచ్చింది. మైక్రోస్కోప్ కింద చూసిన ఆ పొట్టి ముక్కకీ, రోగి చేతిలో పడిన మాత్రకీ మధ్య 41 ఏళ్ళు.

అపోహ: ఒకే గ్రూపులో ఉన్నాయంటే ఒకే ప్రమాదం.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకుని, ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1లోనే, అంటే క్యాన్సర్ కలిగిస్తాయని తేలినవాటి జాబితాలోనే పెట్టింది. ఆ గ్రూపు సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. సిగరెట్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం 15 నుంచి 30 రెట్లు పెరుగుతుంది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం పెరిగేది 18 శాతం. రెట్లకీ శాతానికీ తేడా చూడని సెమినార్లు ఎన్నో విన్నాను.

వంశపారంపర్యం గురించి కూడా ఒక మాట. పుట్టుకతో వచ్చిన జన్యులోపమే కారణమైన క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమే. ఇంట్లో ఒకరికి వచ్చిందని తమకీ రాసిపెట్టి ఉందనుకుంటూ టెన్షన్ పడేవాళ్ళు ముందు జన్యు సలహాదారుతో మాట్లాడాలి.

అపోహ: ప్రయోగాత్మక చికిత్స అంటే కొత్తది, కొత్తదంటే మెరుగైనది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. 1990లలో రొమ్ము క్యాన్సర్‌కి చాలా పెద్ద డోస్ కీమో ఇచ్చి, దెబ్బతిన్న ఎముక మజ్జని రోగి సొంత కణాలతో మళ్ళీ నింపే చికిత్స బాగా వ్యాపించింది. వినడానికి చక్కటి తర్కం. ట్రయల్స్ పూర్తి కాకముందే వేలమంది ఆడవాళ్ళు చేయించుకున్నారు. 1999లో ఫలితాలు బయటికొచ్చేసరికి, మామూలు చికిత్స కంటే ఎక్కువకాలం బతికించలేదని తేలింది. లాభం ఉందన్న దక్షిణాఫ్రికా అధ్యయనాన్ని తనిఖీ చేస్తే అది తప్పుడు లెక్కలదని 2000లో బయటపడింది. ఆ బాధంతా పడ్డవాళ్ళకి ఎవరు జవాబు చెబుతారు?

అందుకే ట్రయల్స్‌లో దశలు. ఫేజ్ 1లో చూసేది ప్రధానంగా భద్రత, తట్టుకోగల డోస్. జబ్బు తగ్గే గుణం ఏమన్నా ఉందా అని ఫేజ్ 2లో చూస్తారు. ఇప్పుడున్న చికిత్స కంటే మేలా అన్నది ఫేజ్ 3 తేలుస్తుంది. "ఉత్త చక్కెర బిళ్ళ ఇచ్చి వదిలేస్తారట" అనే భయం చాలామందిలో ఉంది. మంచి చికిత్స ఉన్న క్యాన్సర్‌లో అది ఆపేసి ఉత్త బిళ్ళ ఇవ్వరు, ఆ చికిత్సతోనే పోల్చి చూస్తారు. చేరినవాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

అపోహ: మందు ఎప్పుడో దొరికింది, దాచేశారు.

క్యాన్సర్ ఒక జబ్బు కాదు, వందకు పైగా జబ్బుల గుంపు. ఒక్క మందుతో అన్నీ తగ్గవు. తగ్గేవి తగ్గుతున్నాయి కూడా. బాగా పాకిన వృషణాల క్యాన్సర్‌ని సైతం సిస్‌ప్లాటిన్ అనే మందుతో నయం చేస్తున్నారు. దాచిపెట్టే విద్య ఏదన్నా ఉంటే, ఈ జబ్బుతో పోయిన శాస్త్రవేత్తలు ముందు తమని తాము కాపాడుకునేవాళ్ళు.

అపోహ: రిజల్ట్ రాకపోతే ప్రాజెక్ట్ వృథా.

ఆ అమ్మాయి ఎక్స్‌ట్రాక్ట్ పని చేయలేదు. మొదట్లో ఆ చాప్టర్ తీసేద్దామంది, నేను వద్దన్నాను. డీఎంఎస్‌ఓ శాతాల పట్టిక, కణాలు లేకుండానే రంగు మారిన వెల్స్ ఫొటో, రెండూ థీసిస్‌లో పెట్టింది. తర్వాత బ్యాచ్‌లో ఇంకో విద్యార్థి అదే మొక్క మీద పని చేద్దామని వచ్చాడు. ఆ పేజీలు చూపించాను. వారం పాటు చదువుకుని, ముందు కంట్రోల్ వెల్స్ లెక్క రాసుకొచ్చాడు.