తరగతి గదిలో సాంకేతికత: ఛాత్రోపాధ్యాయుల అపోహలు, వాస్తవాలు

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల తరువాత బీఎడ్ రెండేళ్ల కోర్సుగా మారింది, రెండో ఏడాదిలో పదహారు వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం చెప్పడంతో పాటు, ఆ ఇంటర్న్‌షిప్ కోసం వచ్చే ఛాత్రోపాధ్యాయుల పీరియడ్లను వెనుక బెంచీలో కూర్చుని పరిశీలించడం కూడా నా పనిలో భాగం. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కార్యక్రమం కింద తాకితే స్పందించే పెద్ద డిజిటల్ తెరలు, అంటే ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) ప్యానెళ్లు, తరగతి గదుల్లోకి వచ్చాక వారి పాఠ్య పథకాల్లో ఒక మార్పు కనిపిస్తోంది. బోధనాభ్యసన సామగ్రి అనే గడిలో ఇదివరకు చార్టు, నమూనా, ప్రయోగ పరికరాలు అని రాసేవారు. ఇప్పుడు ‘ఐఎఫ్‌పీ, వీడియో’ అని రాసి ఊరుకుంటున్నారు. ఏ వీడియో, ఎన్ని నిమిషాలు, ఎక్కడ ఆపుతారు, ఆపి ఏమి అడుగుతారు అన్న వివరాలు మాత్రం ఆ పథకంలో అరుదుగా ఉంటాయి. ఈ లోటుకు కారణం బద్ధకం కాదని, కళాశాల నుంచి, సామాజిక మాధ్యమాల నుంచి వెంట తెచ్చుకున్న కొన్ని నమ్మకాలే కారణమని నా అభిప్రాయం. వాటిలో తరచుగా ఎదురయ్యేవాటిని ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: ఈ తరం వారికి సాంకేతికతను ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

వాస్తవం: కంప్యూటర్ల మధ్య పుట్టి పెరిగిన తరాన్ని ‘డిజిటల్ నేటివ్స్’ అని అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ 2001లో పిలిచిన నాటి నుంచి ఈ నమ్మకం బలపడింది. ఫోన్‌లో వీడియో తీసి, కత్తిరించి, పాట జోడించి అరగంటలో అందరికీ పంపగలిగిన యువతీయువకులే, ప్యానెల్ ముందు నిలబడి తాము దాచుకున్న ఫైలు ఏ ఫోల్డరులో ఉందో తెలియక పది నిమిషాలు వెతుక్కోవడం చూస్తూనే ఉన్నాను. వినోదానికి వాడే నైపుణ్యం వేరు, నలభై మంది ఎదురుచూస్తుండగా పాఠానికి వాడే నైపుణ్యం వేరు.

తెలుగు మాధ్యమంలో బోధించేవారికి ఇందులో మరో చిక్కు ఉంది. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేయించిన వర్క్‌షీటును పెన్‌డ్రైవులో తెచ్చి ప్యానెల్ మీద తెరిస్తే, తెలుగు అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తుల వరుస ప్రత్యక్షమవుతుంది. పాత ఫాంట్లు తెలుగు అక్షరాల రూపాలను ఇంగ్లీషు అక్షరాల సంకేత స్థానాల్లో అమర్చుకుంటాయి కాబట్టి, ఆ ఫాంటు లేని యంత్రానికి అది తెలుగు అని తెలిసే అవకాశమే లేదు. యూనికోడ్‌లో టైపు చేసుకోవడం దీనికి శాశ్వత పరిష్కారం. అంత సమయం లేనప్పుడు పీడీఎఫ్‌గా మార్పించి తెచ్చుకుంటే ఆ పూటకు గండం గడుస్తుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, పాఠం మొదటి ఐదు నిమిషాల్లోనే తడబడిన ఛాత్రోపాధ్యాయురాలు మిగతా పీరియడ్ అంతా ఆ కంగారులోనే గడిపేస్తుంది.

అపోహ: చదివినది 10 శాతం, విన్నది 20 శాతం, చూసినది 30 శాతం, చేసినది 90 శాతం గుర్తుంటుంది, కాబట్టి వీడియో చూపడమే మేలు.

వాస్తవం: ఈ అంకెలను రికార్డుల్లో, సెమినారు పత్రాల్లో, చివరికి శిక్షణ తరగతుల స్లయిడ్లలో కూడా చూశాను. ప్రతిచోటా వాటి కింద అమెరికన్ విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరే ఉంటుంది. డేల్ తన అనుభవాల శంఖువు (కోన్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్) అనే చిత్రాన్ని 1946లో ప్రచురించిన పుస్తకంలో పరిచయం చేసిన మాట నిజమే. అయితే ఆ శంఖువులో శాతాలు లేవు. ప్రత్యక్ష అనుభవం నుంచి శాబ్దిక సంకేతాల వరకు, మూర్తం నుంచి అమూర్తానికి వెళ్లే క్రమాన్ని మాత్రమే ఆయన చూపారు. దానిని ఏది మంచి, ఏది చెడు అనే తరగతుల పట్టికగా తీసుకోవద్దని హెచ్చరించారు కూడా. శాతాలు తరువాత ఎవరో చేర్చినవి, వాటి వెనుక నమ్మదగిన ప్రయోగమేదీ లేదు. ఏమి చదివారు, ఎవరు చదివారు, ఎన్నాళ్ల తరువాత పరీక్షించారు అన్న ప్రశ్నలకు తావే లేకుండా, అంకెలన్నీ పదుల్లో చక్కగా కుదిరిపోవడమే అనుమానం కలిగించాలి. నిజమైన కొలతలు అంత బుద్ధిమంతంగా ఉండవని ప్రయోగశాలలో ఒక్క పీరియడ్ గడిపిన వారికైనా తెలుసు.

ఈ పట్టికతో జతగా ‘చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు’ అంటూ పిల్లలను విడదీసే మాట కూడా వినిపిస్తుంది. అలా విడదీసి ఒక్కొక్కరికి వారి పద్ధతిలో బోధిస్తే ఫలితం మెరుగవుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు చేసిన సమీక్ష తేల్చింది. కటకం బొమ్మ లేకుండా కాంతి వక్రీభవనం ఎవరికీ అర్థం కాదు, ఉచ్చారణ వినకుండా హిందీ ఎవరికీ రాదు. ఏ మాధ్యమం వాడాలో పాఠ్యాంశం చెబుతుంది.

అపోహ: కదిలే బొమ్మ చూపితే భావన అర్థమైనట్లే.

వాస్తవం: ఛాత్రోపాధ్యాయుల పాఠాల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది కాబట్టి దీని గురించి కొంత విస్తారంగా చెప్పవలసి ఉంది.

పదో తరగతి విద్యుత్తు పాఠంలో రెండు బల్బులను శ్రేణిలో కలిపినప్పుడు ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందని అడిగితే, తరగతిలో చాలామంది ‘బ్యాటరీకి దగ్గరగా ఉన్నది’ అంటారు. మొదటి బల్బు కొంత కరెంటును వాడేసుకోగా మిగిలినదే రెండో బల్బుకు వెళుతుందని వారి ఊహ. ఈ పొరపాటు భావన మన పిల్లలకే పరిమితం కాదు. ఎన్నో దేశాల పిల్లల్లో ఇది ఉన్నట్లు విజ్ఞానశాస్త్ర బోధన పరిశోధకులు నమోదు చేశారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ ప్రాజెక్టులోని వలయాల సిమ్యులేషన్ (కంప్యూటర్ తెర మీద నడిపే అనుకరణ ప్రయోగం) ఈ పాఠానికి బాగా పనికివస్తుంది. తీగల్లో ఎలక్ట్రాన్లు బల్బుకు ముందు, తరువాత ఒకే వేగంతో కదలడం అందులో కనిపిస్తుంది. ప్రయోగశాలలో దానిని కంటితో చూపడం ఎవరికీ సాధ్యం కాదు.

ఒక ఛాత్రోపాధ్యాయురాలు దీనిని పదో తరగతి ఏ సెక్షనులో నేరుగా నడిపి చూపింది. రంగురంగుల చుక్కలు కదిలాయి, పిల్లలు ముచ్చటపడ్డారు, ‘అర్థమైందా’ అంటే అందరూ తలలూపారు. మరుసటి రోజు స్లిప్ టెస్టులో మాత్రం మొదటి బల్బు దాటాక కరెంటు తగ్గుతుందనే చాలామంది రాశారు. బొమ్మ వారి కళ్ల ముందు నుంచి వెళ్లింది గాని, వారి ఊహను తాకలేదు.

బీ సెక్షనులో ఆమె అదే సిమ్యులేషన్‌ను వేరే విధంగా వాడింది. ముందుగా ప్యానెల్ ఆపివేసి, నల్లబల్ల మీద వలయం గీసి, బ్యాటరీ పక్కన, రెండు బల్బుల మధ్య, చివర మూడు చోట్ల అమ్మీటరు పెడితే రీడింగులు ఎలా ఉంటాయో ప్రతి ఒక్కరినీ నోటుబుక్కులో రాయమంది. ఎవరు ఏమి రాశారో చేతులెత్తించి, ఆ సంఖ్యలను బోర్డు పక్కన వేసింది. ఆ తరువాతే ప్యానెల్ వెలిగించి, ఒక విద్యార్థి చేత అమ్మీటరును ఒక్కొక్క చోటికి జరిపించింది. మూడు చోట్లా ఒకటే రీడింగు. గదిలో గోల మొదలైంది. ‘మరి బల్బు దేన్ని వాడుకుంటోంది టీచర్?’ అని వెనుక నుంచి ఒకడు అడిగాడు. ఆ పీరియడ్ మొత్తంలో వచ్చిన అతి విలువైన మాట అదే. విద్యుత్ శక్తి, పొటెన్షియల్ భేదం అన్న భావనలకు దారి అక్కడే తెరుచుకుంది.

దీనికి కొనసాగింపుగా నిజమైన ఘటాలు, టార్చిలైటు బల్బులు తెప్పించాము. సిమ్యులేషన్‌లో రెండు బల్బులూ సమానంగా వెలిగాయి గాని, అంగడిలో కొన్న బల్బుల్లో ఒకటి కాస్త ఎక్కువగా వెలిగింది. అది బ్యాటరీకి దగ్గరగా ఉన్నదే కావడంతో ‘చూశారా, మేము చెప్పిందే నిజం’ అని పిల్లలు సంబరపడ్డారు. బల్బుల స్థానాలు మార్చి బిగించగానే ఎక్కువ వెలుగు ఆ బల్బుతో పాటే అవతలి వైపుకు వెళ్లింది. తేడా స్థానంలో కాదు, బల్బు నిరోధంలో ఉందని వారే తేల్చుకున్నారు. వదులైన కనెక్షన్, తుప్పు పట్టిన తీగ, పాతబడిన ఘటం వంటివి సిమ్యులేషన్‌లో మామూలుగా ఎదురుకావు, ప్రయోగంలో ఎలక్ట్రాన్లు కనిపించవు. అందుచేత రెండింటిలో ఏది మేలన్న వాదన కంటే, ఏది ముందు, ఏది తరువాత అన్న ఆలోచనే పాఠ్య పథకంలో కనిపించాలని నేను కోరతాను.

అపోహ: బటన్లన్నీ తెలిస్తే శిక్షణ పూర్తయినట్లే.

వాస్తవం: ప్యానెల్ సరఫరా చేసిన వారు ఒక పూట వచ్చి పెన్ను, స్పాట్‌లైటు, స్క్రీన్ రికార్డింగు చూపించి వెళతారు. అది అవసరమే, కాని అది యంత్రం గురించిన జ్ఞానం మాత్రమే. విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం కలిసే చోట ఉపాధ్యాయుడి ప్రత్యేక జ్ఞానం ఉంటుందని అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో చెప్పారు. పున్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో దానికి సాంకేతికతను జోడించి టీప్యాక్ అనే చట్రాన్ని రూపొందించారు. బీఎడ్ పరీక్షలో ఈ చట్రానికి విషయం, బోధన, సాంకేతికత అనే మూడు వృత్తాలు గీసి మార్కులు తెచ్చుకున్న వారు కూడా, పై ఉదాహరణలో సెక్షను మారగానే మారినది ఆ వృత్తాలు కలిసే మధ్య భాగమేనని గుర్తించరు. యంత్రం అదే, సిమ్యులేషన్ అదే, విషయం అదే.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే చేసేదేమీ లేదు.

వాస్తవం: ఇది సగం నిజం కూడా కాదు. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్షా వేదిక యాప్‌లో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, దొరికిన సామగ్రిని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని, నెట్ లేని గదిలో నడుపుకోవచ్చు. ఫెట్ సిమ్యులేషన్లను కూడా ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవులో తెచ్చుకునే వీలుంది. కొన్నిటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. గణితం వారికి జియోజెబ్రా అనే సాఫ్ట్‌వేర్ అలాగే ఉపయోగపడుతుంది. నెట్ కన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కరెంటు. పీరియడ్ మధ్యలో కరెంటు పోతే ఏమి చేస్తారో పాఠ్య పథకంలో రెండు వాక్యాలు లేకపోతే నేను సంతకం పెట్టను.

అపోహ: స్లయిడ్లు ఎంత నిండుగా ఉంటే అంత మంచి తయారీ.

వాస్తవం: తెర మీద ఉన్న వాక్యాన్నే ఉపాధ్యాయుడు చదివి వినిపిస్తుంటే నేర్చుకోవడం మెరుగుపడకపోగా తరచూ దెబ్బతింటుందని, బొమ్మకు తోడుగా మాట ఉండడమే మేలని రిచర్డ్ మేయర్ బహుమాధ్యమ అభ్యసనంపై చేసిన ప్రయోగాలు చూపాయి. అలంకారం కోసం పెట్టిన గంతులేసే బొమ్మలు, నేపథ్య సంగీతం కూడా ఆయన లెక్కలో అవరోధాలే. స్లయిడు తయారుచేశాక చివరి బెంచీ దాకా నడిచి వెళ్లి అక్కడ కూర్చుని చదవండి. కిటికీ వెలుగు తెర మీద పడే గదుల్లో అయితే ఆ పీరియడ్ జరిగే వేళకే వెళ్లి చూడండి. సమీకరణం తుల్యం చేయడం, కిరణ చిత్రం గీయడం వంటి పనులకు స్లయిడు అసలు వద్దు. గీత తరువాత గీత పడుతుండగా పిల్లలు కూడా గీయాలి, దానికి నల్లబల్ల వేగమే సరైన వేగం.

అపోహ: పాఠ్య పథకాన్ని ఇక ఏఐ రాసిపెడుతుంది.

వాస్తవం: రాసిపెడుతుంది, పైపైన చూస్తే పొందికగానే ఉంటుంది. మా పాఠశాలలో రియోస్టాట్లు (నిరోధాన్ని మార్చే పరికరాలు) ఎన్ని ఉన్నాయో తెలియక జట్టుకు ఒకటి చొప్పున పంచమంటుంది. ఎనిమిదో తరగతిలో భిన్నాలు రాకుండానే పదో తరగతికి వచ్చిన పిల్లలు సమాంతర సంధానం లెక్క దగ్గర ఆగిపోతారని దానికి తెలియదు. అడిగిన లెక్కకు తప్పు జవాబును కూడా అదే ధీమాతో ఇస్తుంది. అదనపు ప్రశ్నలు, ఉదాహరణలు రాబట్టడానికి వాడండి, అభ్యంతరం లేదు. ప్రతి లెక్కనూ మీ చేత్తో చేసి చూసుకున్న తరువాతే తరగతికి తీసుకురండి.

అపోహ: ఈ హడావిడి అంతా కొత్త కాబట్టి పాత అనుభవం పనికిరాదు.

వాస్తవం: 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2004లో పూర్తిగా విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. తెర ముందు పిల్లలను కూర్చోబెట్టాక ఉపాధ్యాయుడు ఏమి చేయాలన్న ప్రశ్న నాటి నుంచీ ఉన్నదే, ప్యానెల్ వచ్చి దానిని పెద్దది చేసింది.

అపోహ: పాఠం ఫొటోలు, వీడియోలు స్టేటస్‌లో పెట్టుకోవడం మన ఇష్టం.

వాస్తవం: ఇంటర్న్‌షిప్ రికార్డుకు ఆధారంగా ఫొటోలు కావాలి, అది సరే. కాని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి వ్యక్తిగత సమాచారాన్ని సంస్థలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, జవాబు తెలియక నిలబడిన పిల్లవాడి ముఖాన్ని ఊరంతా చూసే చోట పెట్టే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు. రికార్డు కోసమైతే ముఖాలు కనిపించకుండా వెనుక నుంచి తీయండి, లేదా పిల్లలు నోటుబుక్కులో రాసిన ఊహలను, బోర్డు మీది పనిని పేర్లు లేకుండా తీయండి. మూల్యాంకనానికి వచ్చే పరిశీలకులకు నేర్చుకున్న తీరును ఎక్కువగా చూపించేవి కూడా అవే.