పోలీస్ స్టేషన్‌ని అడిగే హక్కు మనకుందా? పల్లెల్లో వినిపించే అపోహలు – వాస్తవాలు

నేను మండల స్థాయి కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్‌గా ఊళ్లలో జరిగే న్యాయ విజ్ఞాన సదస్సులకూ వెళ్తుంటాను. భూమి గురించి, భరణం గురించి, పింఛను గురించి జనం అందరి ముందే అడుగుతారు. స్టేషన్ మాట వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. సదస్సు ముగిశాక పక్కకు పిలిచి అడుగుతారు. అలా అడిగేవాళ్లలో ఎక్కువమంది మనసులో, పోలీసుల పనితీరును ప్రశ్నించడం మామూలు మనిషికి చట్టం ఇవ్వని అధికారమనే నమ్మకం గట్టిగా పాతుకుపోయి ఉంటుంది. చట్టం చాలాచోట్ల మనకు కుర్చీ వేసే ఉంచింది. ఆ కుర్చీల్లో ఎవరూ కూర్చోవడం లేదన్నదే నా బాధ.

అపోహ: "పోలీసులను పోలీసు ఆఫీసర్లే అడగాలి. బయటివాళ్లకు అక్కడేం పని?"

వాస్తవం: 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. గేటు దగ్గర, లాకప్‌లో, వరండాలో, ఇన్‌స్పెక్టర్, ఎస్సై గదుల్లో ఉండాలి. బొమ్మతో పాటు మాట కూడా రికార్డు కావాలి. ఇంతవరకు పేపర్లలో చాలామంది చదివారు. చదవని భాగం ఇంకోటుంది. ఆ కెమెరాల పర్యవేక్షణకు జిల్లా స్థాయి కమిటీ వేయమన్నారు. అందులో కలెక్టరు, ఎస్పీలతో పాటు మున్సిపాలిటీ మేయరుకు, గ్రామీణ ప్రాంతాల్లో జిల్లా పరిషత్ అధిపతికి చోటిచ్చారు. అంటే మనం ఓటేసి గెలిపించిన వ్యవస్థలోని మనిషి. కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చూడటం ఒక్కటే ఆ కమిటీ పని కాదు. ఎవరూ ఫిర్యాదు చేయకుండా మిగిలిపోయిన హక్కుల ఉల్లంఘనలు ఉన్నాయేమో ఫుటేజీ చూసి తేల్చమని కూడా కోర్టు చెప్పింది.

జడ్పీ సమావేశాల్లో తాగునీటి గురించి, రోడ్ల గురించి గంటల తరబడి మాట్లాడతారు. "మన జిల్లాలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది?" అని మీ జడ్పీటీసీ సభ్యుడితో ఒక్కసారి అడిగించండి. ఆ ప్రశ్నకు ఖర్చేమీ లేదు.

రెండో కుర్చీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఉంది. 1995 నిబంధనల ప్రకారం జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన, డివిజన్‌లో విజిలెన్స్, మానిటరింగ్ కమిటీలు మూడు నెలలకోసారైనా సమావేశం కావాలి. రెండింట్లోనూ ప్రభుత్వ ఉద్యోగులు కాని సభ్యులు కూడా ఉంటారు. కేసు దర్యాప్తు ఎందుకు ఆగింది, బాధితులకు పరిహారం ఎందుకు రాలేదు అని పోలీసు అధికారిని ముఖాముఖి అడగగలిగే వేదిక ఇది. దీంతో పాటు మన దగ్గర నెలాఖరులో, 30వ తేదీన పౌర హక్కుల దినం జరపాలన్న ఏర్పాటు ఉంది. తహసీల్దారు, ఎస్సై దళితవాడకు వచ్చి కూర్చోవాలి. చాలా ఊళ్లలో ఇది ఫొటో దిగి వెళ్లిపోయే కార్యక్రమంగా మారింది. జరిగిన రోజున అర్జీ రాసి, మినిట్స్‌లో ఎక్కించమని పట్టుబట్టిన ఊళ్లలో మాత్రం తేడా నేను చూశాను.

అపోహ: "ఎస్సై కేసు కట్టనంటే ఇక చేసేదేం లేదు."

వాస్తవం: నేను ఎక్కువగా వినే మాట ఇదే. కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయగల నేరం, జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (నేర విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టం) 173వ సెక్షన్ దీన్ని ఇంకా వివరంగా రాసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. "ఇది మా లిమిట్స్ కాదు" అనే జవాబు ఇక చెల్లదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఒక మినహాయింపు ఉంది, తెలుసుకోవాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేయవచ్చు. "విచారిస్తున్నాం" అని రెండు నెలలు తిప్పితే అది ఈ మినహాయింపులోకి రాదు.

స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు. ఈ దారిలో ప్రతి మెట్టుకూ కింది మెట్టు కాగితం కావాలి. నోటిమాటగా చెప్పి వచ్చినవాళ్ల కోసం నేను కోర్టులో చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే స్టేషన్‌కు రెండు కాపీలతో వెళ్లండి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. వేయనంటే గొడవ పడకుండా బయటికొచ్చి అదే రోజు ఎస్పీ ఆఫీసుకు స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి.

లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100కి ఫోన్ చేసినా, కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఆఫీసుకు వెళ్లినా సరిపోతుంది.

అపోహ: "గట్టు తగాదా, అప్పు తగాదా స్టేషన్‌లో తేల్చుకుంటే కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు."

వాస్తవం: భూమి ఎవరిదో, అప్పు ఎంతో తేల్చే అధికారం పోలీసులకు లేదు. స్టేషన్‌లో భయపడి పెట్టిన సంతకం మరో వివాదానికి దారి తీస్తుంది. ఈ తప్పులో ఊరి పెద్దలకూ వాటా ఉంది. పంచాయితీకి ఎస్సైని పిలిచేది వాళ్లే, రేపు అదే ఎస్సై అవతలివాళ్ల పక్షం వహిస్తే గగ్గోలు పెట్టేదీ వాళ్లే. పోలీసులు సెటిల్‌మెంట్లు మానాలంటే ముందు మనం వాళ్లను అడగడం మానాలి. రాజీయే కావాలనుకుంటే లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడిచ్చిన అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం.

అపోహ: "మంచి ఎస్సై వస్తే అన్నీ సర్దుకుంటాయి."

వాస్తవం: మంచి ఎస్సైలు వస్తూనే ఉంటారు. ఉండనివ్వరు, అదీ సమస్య. ఎమ్మెల్యే లెటర్ మీద పోస్టింగు వచ్చిందని, లెటర్ మీదే పోయిందని మన మండలాల్లో చిన్నపిల్లలు కూడా మాట్లాడుకుంటారు. ఇసుక ట్రాక్టరు పట్టుకున్నాక ఆరు నెలల్లో బదిలీ అయిన ఆఫీసరును చూసిన తర్వాత వచ్చేవాడు ఏం నేర్చుకుంటాడు?

దీనికి మందు 2006 సెప్టెంబరు 22నే సుప్రీంకోర్టు రాసిచ్చింది. మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన కేసులో వచ్చిన తీర్పు అది. స్టేషన్ హౌస్ ఆఫీసరుకు (ఎస్‌హెచ్‌ఓ, అంటే స్టేషన్ బాధ్యుడికి), జిల్లా ఎస్పీకి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలి. డీఎస్పీ, ఆ కింది స్థాయి బదిలీలను పోలీసు అధికారులతో కూడిన ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు నిర్ణయించాలి. దర్యాప్తు చేసేవాళ్లను, బందోబస్తు చేసేవాళ్లను విడదీయాలి. మొత్తం ఏడు ఆదేశాల్లో నా దృష్టిలో చిన్న ఊరికి అన్నిటికంటే ముఖ్యమైనది ఈ రెండేళ్ల నిబంధన. పదవీకాలం భద్రంగా లేని ఆఫీసరును ఎన్ని కమిటీలు పర్యవేక్షించినా అతను చూసేది ఒక్క ఇంటి గుమ్మం వైపే.

కాబట్టి ఎస్సై అకారణంగా మధ్యలో బదిలీ అయితే గ్రామసభ తీర్మానం చేసి, కారణం చెప్పమని ఎస్పీకి రాయడం పూర్తిగా న్యాయమైన పని. మంచి ఆఫీసరు పోతుంటే పూలదండ వేసి ఊరుకోవడం కంటే ఇది ఉపయోగం.

అపోహ: "కొత్త చట్టాలొచ్చాయి, పోలీసు వ్యవస్థ మారిపోయింది."

వాస్తవం: 2024లో మారినవి నేరాల చట్టం, విచారణ పద్ధతి, సాక్ష్యాల చట్టం. పోలీసు శాఖను నడిపించే చట్టం వేరు. ఆంధ్ర ప్రాంతంలో దాని మూలం 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం. తెలంగాణలో ఫసలీ 1329 నాటి, అంటే నిజాం కాలపు చట్టం. పోలీసు అనేది రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. మార్చాల్సింది మన శాసనసభలే.

అపోహ: "కంప్లయింట్స్ అథారిటీ ఉంది కదా, అదే చూసుకుంటుంది."

వాస్తవం: ఇది చదువుకున్నవాళ్ల అపోహ. ప్రకాశ్ సింగ్ తీర్పు ప్రకారం ప్రతి జిల్లాలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ ఉండాలి. డీఎస్పీ స్థాయి వరకు ఉన్నవాళ్ల మీద ఫిర్యాదులు అది వినాలి. కస్టడీ మరణం, తీవ్రమైన గాయం, అత్యాచారమే కాదు, బెదిరించి డబ్బు గుంజడం, ఇల్లూ పొలం ఆక్రమణల్లో చేయి ఉండటం కూడా దాని పరిధిలోవే. దాని సిఫార్సుకు ప్రభుత్వం కట్టుబడాలి. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

ఆచరణలో ఏం జరిగిందో చూడండి. తీర్పు వచ్చిన దాదాపు పదిహేనేళ్లకు, 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర స్థాయి ఛైర్మన్‌గా ఒక విశ్రాంత న్యాయమూర్తిని నియమించింది. ఆ నియామకం నిబంధనలకు విరుద్ధమని వ్యాజ్యం పడి, ఆ నియామక ఉత్తర్వును హైకోర్టు సస్పెండ్ చేసింది. జిల్లా స్థాయిలో, మామూలు మనిషి బస్సెక్కి వెళ్లి అర్జీ ఇచ్చి రాగలిగే ఆఫీసు అనేది నేను పనిచేసే చోట ఎవరి అనుభవంలోనూ లేదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయవచ్చు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి. అది చేసేది సిఫార్సు మాత్రమే.

అపోహ: "పోలీసు మీద నిఘా పెడితే వాళ్ల ధైర్యం దెబ్బతింటుంది."

వాస్తవం: ఈ మాట నాతో ఏ కానిస్టేబులూ అనలేదు. వాళ్లు చెప్పుకొనే బాధలు వేరు: పండక్కీ జాతరకూ ఇంట్లో ఉండలేకపోవడం, నోటి ఆదేశం ఇచ్చిన ఆఫీసరు తర్వాత "నేను చెప్పలేదు" అనడం, స్టేషన్ ఖర్చులు జేబులోంచి పెట్టుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. సిబ్బంది చాలని స్టేషన్లలో అది నిలబడలేదు. ఫుటేజీ, జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ జరిగేది రాసే పుస్తకం), అరెస్టు మెమో సరిగా ఉంటే తప్పుడు ఆరోపణ నుంచి ముందు బయటపడేది నిజాయితీగల కానిస్టేబులే. వాళ్ల డ్యూటీ గంటల గురించి కూడా ఊరు మాట్లాడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

అపోహ: "పిలిస్తే ఎవరైనా, ఏ వేళైనా స్టేషన్‌కు వెళ్లాల్సిందే."

వాస్తవం: సాక్షిగా విచారించాలంటే మహిళలను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను వాళ్లుండే చోటే విచారించాలి. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత మహిళలను అరెస్టు చేయకూడదు.

అపోహ: "లోపల ఏం జరిగినా రుజువు చేయలేం, వాళ్లకేమీ కాదు."

వాస్తవం: 2021 జూన్‌లో అప్పటి రాచకొండ కమిషనరేట్ పరిధిలోని అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక దళిత మహిళ కస్టడీలో చనిపోయింది. ఆందోళన జరిగింది, విషయం హైకోర్టుకు వెళ్లింది, మృతదేహానికి మళ్లీ పోస్టుమార్టం చేయించారు. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచే తొలగించారు. ప్రాణం తిరిగి రాలేదు. కానీ "వాళ్లకేమీ కాదు" అన్నది నిజం కాదు.

రుజువు దొరకాలంటే ఆలస్యం చేయకూడదు. మీ మనిషిని తీసుకెళ్లారని తెలియగానే అరెస్టు మెమో అడగండి. అందులో తేదీ, సమయం ఉండాలి, కుటుంబ సభ్యుడో ఊరి పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కొట్టి ఉంటే ఆ మాట మేజిస్ట్రేటు ఎదుటే చెప్పాలి, ఎందుకంటే ఆయన అడిగేదే అందుకు. వైద్య పరీక్ష నివేదిక కాపీ అడిగి తీసుకోండి. ఫుటేజీ 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాది నిల్వ ఉండాలని తీర్పు ఉన్నా, కెమెరా పాడైందనే జవాబు రావడం మామూలే. అందుకే ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు ఫుటేజీ భద్రపరచమని ఆ వారంలోనే ఎస్‌హెచ్‌ఓకు, ఎస్పీకి, జిల్లా పర్యవేక్షణ కమిటీకి రాయండి. కాపీని రిమాండు చేసిన కోర్టులో కూడా దాఖలు చేయించండి.