ఇల్లు మనం కడదాం, ఈగలే వస్తాయి

హనుమకొండ

మనుమలకు, మనుమరాళ్లకు తాత దీవెనలు.

మీ బడి వేపచెట్టుకు తేనెటీగల గుంపు పట్టిందని, పెద్దవాళ్లు పొగబెట్టి తరిమేశారని ఫోన్‌లో చెప్పారు కదా. అప్పటి నుంచి మీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. "మనింట్లో పెంచుకోవచ్చా తాతా?" అని అడిగారు. పెంచుకోవచ్చు. కానీ మేకను గుంజకు కట్టేసినట్టు తేనెటీగను కట్టేయలేం. అది ఉండదగ్గ ఇల్లు కట్టిపెట్టడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. నచ్చితే ఉంటాయి. నచ్చకపోతే ఒకరోజు పొద్దున చూసేసరికి పెట్టె ఖాళీగా ఉంటుంది.

ముందు ఏ ఈగో గుర్తుపట్టడం నేర్చుకోండి. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో పెద్ద మానుల కొమ్మలకు, ఊళ్లల్లో వాటర్ ట్యాంకుల కింద ఒకే ఒక పెద్ద తుట్టె వేలాడుతుంటుంది చూడండి, అది పెద్ద తేనెటీగ. దాని జోలికి మీరు అస్సలు పోవద్దు. కోపమొస్తే వందల ఈగలు ఒక్కసారి మీద పడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. అది పెట్టెలో ఉండదు కూడా. కంపచెట్లలో అరచేతంత తుట్టె కట్టే చిన్న ఈగ కూడా పెట్టెలో ఉండదు. మనకు కావలసింది తొర్ర ఈగ. చెట్టు తొర్రల్లో, పాత పుట్టల్లో, పాడుబడ్డ బావి గోడల్లో చీకటి చూసుకొని ఒకదాని పక్కన ఒకటిగా నాలుగైదు తుట్టెలు పెడుతుంది. సెంటీమీటరుకు కొద్దిగా ఎక్కువ పొడవుంటుంది. పెద్ద ఈగ దానికి ఒకటిన్నర రెట్లు.

మీ వేపచెట్టు మీద గుంపు ఎందుకు ఆగిందో చెప్తాను. పూత బాగుండి, ఇంట్లో ఈగలు కిక్కిరిసినప్పుడు అవి కొత్త రాణిని తయారు చేసుకుంటాయి. గుడ్డు పెట్టిన 16 రోజులకు అటూఇటూగా కొత్త రాణి బయటికి వస్తుంది. అంతకు ముందే పాత రాణి చాలా ఈగలను వెంటబెట్టుకొని ఇల్లు వదిలేస్తుంది. ఆ గుంపు ఏదో ఒక కొమ్మకు వేలాడి ఆగుతుంది. అప్పుడు దానికి కాపాడుకోవడానికి ఇల్లు లేదు, పిల్లలు లేవు, తేనె నిల్వ లేదు. అందుకే మామూలుగా కుట్టదు. బయలుదేరే ముందు కడుపునిండా తేనె తాగి వస్తాయి కూడా.

కొన్ని ఈగలు ఇల్లు వెతకడానికి పోతాయి. తిరిగొచ్చి గుంపు మీదే నాట్యం చేసి, చూసొచ్చిన చోటు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చెప్తాయి. ఈ నాట్యం అర్థాన్ని కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ ఇంకో సంగతి చూశాడు. యుద్ధంలో కూలిపోయిన మ్యూనిక్ నగరంలో గుంపు మీద ఆడే ఈగల్లో కొన్నింటి ఒంటి నిండా మసి, కొన్నింటికి ఇటుక పొడి. అవి పువ్వుల మీద నుంచి రాలేదు, పొగగొట్టాల్లో, కూలిన గోడల్లో ఇల్లు వెతికి వచ్చాయి! వేర్వేరు చోట్ల గురించి ఆడుతూ ఆడుతూ చివరికి అన్నీ ఒకే చోటుకు ఒప్పుకున్నాక గుంపు లేస్తుంది. ఆ ఒప్పుకునే చోటు మన పెట్టె కావాలి, అంతే మన పని.

పెట్టె చేయడానికి వడ్లాయన దగ్గర మిగిలిన పాత చెక్కలు చాలు. రంగు, వార్నిష్ వాసన ఉండొద్దు. లోపలి కొలతలు రాసుకోండి: పొడవు 48 సెంటీమీటర్లు, ఎత్తు 20, పైన వెడల్పు 25, కింద వెడల్పు 15. గోడలు కిందికి పోయేకొద్దీ దగ్గరికి రావాలి. అట్లయితే తుట్టె గోడకు అంతగా అంటుకోదు, పైకి తీసి చూడవచ్చు. ఇందులో దాదాపు 20 లీటర్ల చోటుంటుంది, తొర్ర ఈగకు అది చాలు. పైన 3 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్కపట్టీలు 16, ఒకదానికొకటి ఆనేటట్టు అడ్డంగా పేర్చాలి. అదే దాని కప్పు. ప్రతి పట్టీ కింద, సరిగ్గా నడుమన, కరిగించిన తేనెమైనంతో సన్నటి గీత గీయండి. ఈ గీత పట్టుకొనే ఈగలు తుట్టె మొదలుపెడతాయి. ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకొని గొలుసులు కట్టి, తమ పొట్ట కింద ఊరే మైనపు రేకులను నమిలి గదులు కడతాయి. నేను ఎన్నిసార్లు చూసినా ఇంకా చూడాలనే అనిపిస్తుంది.

ఈ ఈగ సందులు పూడ్చుకోవడానికి జిగురు తెచ్చుకోదు. పేడ, మట్టి కలిపి పెట్టెను బయటినుంచి అలకండి. సందులూ మూసుకుంటాయి, ఎండా తగలదు. కింద మూలన చిటికెన వేలు పట్టేంత సందు ఒకటి వదిలితే చాలు. కుమ్మరి కుండ బోర్లించి రంధ్రం పెట్టినా ఈగలు ఉంటాయి. కాకపోతే కుండలో తేనె తీయాలంటే పిల్లలున్న తుట్టె కూడా తెగుతుంది. తేనె ముట్టనని మాటిస్తేనే కుండ పెట్టండి.

పెట్టె చెట్టు నీడన, పొద్దటి ఎండ పడేటట్టు తూర్పు ముఖంగా, మీ తల కన్నా ఎత్తులో పెట్టండి. పెట్టెను నిలిపే కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి, లేకపోతే చీమలు ఈగలను ఉండనివ్వవు.

గుంపు కొమ్మకు కనబడితే బాపునో పెద్దనాయిననో పిలవండి. ఒక్కరే పోవద్దు. పొద్దుగూకే వేళ గుంపు పైన గంప బోర్లించి, కింది నుంచి కొద్దిగా పిడక పొగ పెడితే ఈగలు చీకట్లోకి, పైకి ఎక్కుతాయి. రాణి ఎక్కిందంటే కొన్ని ఈగలు గంప అంచున తోక పైకెత్తి రెక్కలాడిస్తూ వాసన వదులుతాయి, మిగతావి దాని వెంటే వస్తాయి. అట్లా కనబడితే పని అయినట్టే. చీకటి పడ్డాక పెట్టె దగ్గరికి తీసుకుపోయి లోపలికి దులపాలి.

కుడితే గోరుతో ముల్లును గీకేసి అక్కడి నుంచి నడిచి వచ్చేయండి. ముల్లు వాసనకు ఇంకా ఈగలు వస్తాయి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

దూరం నుంచి ఈగలను కొనుక్కొచ్చే వాళ్లున్నారు. నాకు అది ఇష్టం లేదు. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిన తొర్ర ఈగల గూళ్లు చాలావరకు చచ్చిపోయాయి. ఆ రోగం తగిలిన ఈగ పిల్ల నీళ్ల సంచిలా ఉబ్బి చస్తుంది. మన ఊరి తొర్రల్లో ఇప్పటికీ బతికున్నవి ఆ రోగాన్ని, మన ఎండల్ని తట్టుకున్న వాటి సంతానమే. కొనే పెట్టెలతో రోగం కూడా రావచ్చు.

మొదటి ఏడాది తేనె అడగొద్దు. తర్వాత కూడా మైనపు మూత పడ్డ పట్టీలే, అవీ అంచునున్న ఒకటి రెండే కోయండి. ముసురు పట్టి రోజుల తరబడి బయటికి పోలేని వానాకాలంలో ఆ నిల్వే వాటి తిండి. చూసేటప్పుడు తుట్టె కింది అంచున ఉబ్బిన గదులుంటే మూత నడుమ సూది గుచ్చినట్టు చిన్న రంధ్రం ఉందేమో గమనించండి. ఉంటే అది మగ ఈగ గది.

ఒక్కటి మాత్రం బాపును గట్టిగా అడగండి. పత్తికి, మిర్చికి మందు కొట్టక తప్పదనుకుంటే పొద్దున కొట్టొద్దు, ఈగలు పూల మీద ఉండే వేళ అది. ఈగలు ఇంటికి తిరిగొచ్చాక, పొద్దుగూకినాక కొట్టమనండి. గట్టు మీది కానుగను, చింతను నరకనివ్వొద్దు. ఎండాకాలం పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టండి, రాళ్లుంటే ఈగలు మునగవు.

సంక్రాంతి లోపు పెట్టె కట్టేయండి. మోదుగ పూసే రోజుల్లో గుంపులు తిరుగుతాయి. పట్టీలకు రాసే మైనం నా దగ్గర ఉంది, బాపు వచ్చినప్పుడు పంపిస్తాను.

మీ తాత